రెండు చుక్కలు చాలవు

ట్రాయ్, మిషిగన్
16 అక్టోబరు 1984, మంగళవారం మధ్యాహ్నం

ప్రియమైన రాధారాణికి,

నీ పద్మిని బోలెడు ప్రేమతోనూ, కాస్త భయంతోనూ రాస్తున్న ఉత్తరం. ఇక్కడ నేనూ, మావారూ, విద్యా కులాసాగా ఉన్నాం. అక్కడ నువ్వూ, అన్నయ్యగారూ, రేణూ, మీ నాన్నగారూ క్షేమంగా ఉన్నారని మీ ఊరి నళిని చెప్పింది. పదేళ్ళుగా న్యూ ఇయర్ కార్డు మీద సంతకం తప్ప నా చేతిరాత చూడని దానివి, ఈ కవరు లావు చూసి శుభలేఖేమో అనుకుని ఉంటావు. విద్యకింకా పదహారే, కంగారుపడకు.

నీకు చెప్పవలసినవి రెండున్నాయి. ఒకటి నా సంబరం. రెండోది మీ నాన్నగారి సంగతి. నిజానికి రెండోదాని కోసమే కలం పట్టుకున్నాను. పోయిన శనివారం నళిని ఎవరి సీమంతానికో మీ అరోరా నుంచి ఇక్కడికి వచ్చి, మా ఇంట్లో కాఫీ తాగుతూ చెప్పింది. బాబాయిగారు మే నెల నుంచీ మీ ఇంట్లోనే ఉన్నారట. ఈ ఇరవై ఏడో తారీఖున షికాగోలో విమానమెక్కి, హైదరాబాదులో మీ అన్నయ్య దగ్గరికి వెళ్ళిపోతున్నారట. మొన్న ఆయన రేణు హోంవర్కు తీసి లెక్క చెప్పబోతే, నాన్నగారూ, మీరు లెక్కల జోలికి రాకండి, ఒకరి చదువు పాడుచేసింది చాలు అన్నావట. ఆయన నవ్వి, పుస్తకం మూసి, కోటు వేసుకుని వాకింగ్‌కి వెళ్ళిపోయారట. అది విన్నప్పటి నుంచీ నాకు అన్నం సహించటం లేదు. ఆయన విమానం ఎక్కేలోగా ఈ ఉత్తరం నీకు చేరాలి.

ఫోన్ చేసి చెబుదామని ఆదివారం మూడుసార్లు డయల్ చేశాను. నువ్వు హలో అనగానే పెట్టేశాను. ఆ రాంగ్ నంబరు నేనేనే తల్లీ, ఊరికే ఎవర్నీ తిట్టుకోకు.

అయితే ముందు నా సంబరం చెప్పనీ. అది చెబితే గానీ రెండోది చెప్పే ధైర్యం రాదు. ఇక్కడ ఊరు ఊరంతా సంబరంలోనే ఉంది, డెట్రాయిట్ వాళ్ళు మొన్న ఆదివారం బేస్‌బాల్ గెలిచారు. కార్ల హారన్లు ఇంకా మోగుతూనే ఉన్నాయి. మావారు ఆఫీసుకి కూడా ఆ టీమ్ టోపీ పెట్టుకుని వెళ్ళారు. ఆ హారన్లన్నీ నా కోసమేనని నేను అనుకుంటున్నాను. ఎందుకంటే ఇవాళ పొద్దున ఆల్జీబ్రా పరీక్షలో నాకు యాభైకి నలభై ఎనిమిది వచ్చాయి!

సరిగ్గానే చదివావు. నేనే. పదమూడో ఎక్కం దగ్గర నత్తి వచ్చే పద్మినినే. ఆగస్టు నుంచి కమ్యూనిటీ కాలేజీలో మంగళ, గురువారాలు పదింటి క్లాసుకి వెళుతున్నాను. జనవరిలో కంప్యూటర్ కోర్సులో చేరాలంటే ముందు ఆల్జీబ్రా పాసవ్వాలన్నారు. మనకేం ఆల్జీబ్రా తెలుసు? మనం చదివింది జనరల్ లెక్కలు. బియ్యం, కందిపప్పు, తూములో నీళ్ళు. ఎక్సూ వైలూ అన్నీ మేడమీద కాంపోజిట్ లెక్కల సెక్షన్ వాళ్ళకే పోయాయి కదా. మొదటిరోజు పుస్తకం తెరిచి, మూసి, కార్‌లో కూర్చుని కాసేపు ఏడ్చి, మళ్ళీ లోపలికి వెళ్ళాను.

మా టీచరు పేరు మిసెస్ హాల్వర్సన్. అరవై ఏళ్ళుంటాయి. ఎర్ర ఇంకు చూస్తే పిల్లలు బెదిరిపోతారని ఆకుపచ్చ పెన్సిల్‌తో దిద్దుతుంది. క్లాసులో సగం మంది విద్య కంటే రెండు మూడేళ్ళు పెద్ద, అంతే. చీర కట్టుకుని వెళ్ళేది నేనొక్కదాన్నే. సెప్టెంబరు చివర్లో ఆవిడ గళ్ళ కాగితాలు పంచి, ఇవాళ్టి నుంచి ఈక్వేషన్లకి బొమ్మలు వేద్దాం అంది. పద్ధతి చాలా సులువు. ఎక్స్ అనేదానికి నువ్వే ఒక అంకె ఇస్తావు. ఈక్వేషన్‌లో పెడితే వై ఎంతో వస్తుంది. ఎక్స్ అన్ని గళ్ళు పక్కకి, వై అన్ని గళ్ళు పైకి వెళ్ళి ఒక చుక్క పెట్టాలి. అలా కొన్ని చుక్కలు పెట్టాక కలపాలి.

చుక్కలు కలపడం అనగానే నా ప్రాణం లేచి వచ్చింది. మన వీధిలో నా చేతి ముగ్గుకి ఎంత పేరో నీకు తెలుసు. చకచకా ఏడు చుక్కలు పెట్టి, కలిపి, అందరికంటే ముందు తీసుకెళ్ళి చూపించాను. ఆవిడ కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని చూసింది. గీత ఒక్క చుక్కనీ తాకలేదే! చేతికి అలవాటైపోయి మెలికల ముగ్గులాగా ఒక చుక్కకి ఈ పక్కనుంచీ, ఇంకో చుక్కకి ఆ పక్కనుంచీ తిప్పుకుంటూ పోయాను. ఇదేమిటని ఆవిడ అడిగితే, మా ఊళ్ళో గీత చుక్క చుట్టూ పోవాలి గానీ చుక్కని తొక్కకూడదు అని నా ఇంగ్లీషులో చెప్పాను. ఆవిడ నవ్వలేదు. సుద్దముక్క ఇచ్చి, బోర్డు మీద వేసి చూపించమంది. ఏడు చుక్కల మెలికల ముగ్గు ఎత్తకుండా ఒకే గీతలో వేశాను. వెనక బెంచీల వాళ్ళు చప్పట్లు కొట్టారు. ఇది చాలా అందంగా ఉంది, కానీ ఈక్వేషన్ మాత్రం చుక్క మీద నుంచే పోవాలి, లేకపోతే అది అబద్ధం అవుతుంది అంది. ఆ మాట నన్ను ఇంటిదాకా వదల్లేదు.

తర్వాతి క్లాసు హోంవర్కులో రెండు ఈక్వేషన్లు ఇచ్చింది. మొదటిది, ఎక్స్‌కి ఒకటి కలిపితే వై. రెండోది, ఒకటితో మొదలుపెట్టి, ఎక్స్ ఎంతైతే అన్నిసార్లు రెట్టింపు చేస్తే వై. రెండూ ఒకే కాగితం మీద వేయాలి. నేను వంట హడావిడిలో ఉన్నాను. సాంబారు పొయ్యి మీద పెట్టి గబగబా సున్నా, ఒకటి వేసి చూశాను. సున్నాకి మొదటిదానిలో ఒకటి వచ్చింది, రెండోదానిలోనూ ఒకటే. ఒకటికి మొదటిదానిలో రెండు, రెండోదానిలోనూ రెండే. ఇంకేముంది, స్కేలు పెట్టి ఒక్క గీత గీసి, కింద రెండూ ఒకటే అని రాసి ఇచ్చేశాను. ఎంత తెలివిగలదాన్నని మురిసిపోయాను కూడా.

కాగితం తిరిగొచ్చేసరికి ఆ వాక్యం చుట్టూ ఆకుపచ్చ సున్నా చుట్టి, పక్కన రెండుకి వేసి చూడు అని ఉంది. కొట్టివేత లేదు, మార్కు లేదు. ఇంటికి వచ్చి రెండుకి వేశాను. మొదటిదానికి మూడు, రెండోదానికి నాలుగు. అబ్బే, ఒక్క గడేగా తేడా అనుకున్నాను. మూడుకి వేస్తే నాలుగు, ఎనిమిది. నాలుగుకి అయిదు, పదహారు. అయిదుకి ఆరు, ముప్ఫైరెండు! రాధా, ఆరు దగ్గర నా కాగితం అయిపోయిందే. అరవైనాలుగు గళ్ళు పైకి పోవాలి, కాగితంలో అన్ని గళ్ళే లేవు.

ఇంకెవరైనా అయితే అక్కడ ఆపేసేవాళ్ళు. నాకు మాత్రం అది ఎందాకా పోతుందో చూడాలని పంతం పట్టుకుంది. డైనింగ్ రూమ్‌లో కుర్చీలు పక్కకి లాగి, గోడకి నేలనుంచీ ఒకదాని మీద ఒకటి గళ్ళ కాగితాలు టేప్ చేయడం మొదలుపెట్టాను. విద్య స్కూల్ నుంచి వచ్చి, అమ్మా, వాట్ హాపెండ్ టు ది వాల్, డాడ్ చూస్తే ఫ్రీక్ అవుట్ అవుతాడు అంది. నేను చూడకుండానే స్టూలు తీసుకురమ్మన్నాను. పావుగంటలో అదే టేపు కత్తిరిస్తూ, అమ్మా, ఇంకొకటి చేయి, ఇంకొకటి చేయి అని గంతులు వేసింది. ఏడు కాగితాలు పట్టాయి. ఎనిమిదికి రెండువందల యాభైఆరో గడి దగ్గర చుక్క పెట్టి కిందికి దిగాను. గోడకి ఆనుకుని నిలబడ్డాను. ఆ చుక్క నా నడినెత్తికి మూడంగుళాలు పైనుంది. ఒకటి కలుపుకుంటూ వచ్చిన గీత ఎక్కడుందో తెలుసా? నా చీలమండ దగ్గర!

మావారు వచ్చి టై కూడా విప్పకుండా గోడ ముందు నిలబడ్డారు. కోప్పడతారని మేమిద్దరం కిచెన్‌లోంచి తొంగిచూస్తున్నాం. ఆయన జేబులోంచి పెన్ను తీసి అక్కడే లెక్కకట్టి, తొమ్మిదికి పెట్టే చుక్క సీలింగ్ దాటి మేడమీద విద్య మంచం పక్కన తేలుతుందనీ, పదికి పెట్టేది ఇంటి చూరు కూడా దాటిపోతుందనీ చెప్పారు. పదిహేనేళ్ళుగా ఆఫీస్‌లో బ్రేకులు టెస్ట్ చేసి రోజూ కర్వులు గీస్తున్నాను, ఒక్కదాని పక్కనా ఇలా నిలబడి చూడలేదు పద్మినీ అన్నారు. ఆ రోజు సాంబారు మాడిపోయింది, ముగ్గురం సెరియల్ తిన్నాం. పెళ్ళయిన ఇన్నేళ్ళలో నేను అంత సంతోషంగా తిన్న భోజనం లేదు.

ఇవాళ ఆ కాగితాల చుట్ట క్లాసుకి పట్టుకెళ్ళాను. మిసెస్ హాల్వర్సన్ కుర్చీ ఎక్కి, దాన్ని కారిడార్ గోడకి స్వయంగా అంటించింది. రెండు చుక్కలుంటే ఏ గీతనైనా వాటి మీదుగా పోనివ్వొచ్చు, మూడోది పెట్టేదాకా ఏ ఆకారాన్నీ నమ్మవద్దు అని అందరికీ చెప్పింది. తర్వాత నా పరీక్ష కాగితం చేతికిచ్చి, జనవరిలో కంప్యూటర్ కోర్సుకి తనే సిఫార్సు రాస్తానంది. కాళ్ళు నేల మీద ఆనకుండా పార్కింగ్ లాట్‌కి వచ్చాను. కార్ ఎక్కడ పెట్టానో మర్చిపోయి రెండుసార్లు చుట్టూ తిరిగాను.

ఇప్పుడు రెండో సంగతికి వస్తున్నాను. నవ్వు ఆపి చదువు.

ఆ రోజు కాగితాలు అంటించడం అయ్యాక, కింద పడిన టేపు ముక్కలు ఏరుతుంటే గోడ అడుగున ఆ మొదటి రెండు చుక్కలు కళ్ళబడ్డాయి. పైన తల దాటిపోయినదీ, చీలమండ దగ్గర ఉండిపోయినదీ అక్కడ మాత్రం ఒకే చోట ఉన్నాయి. అక్కడిదాకా మాత్రమే చూసినవాళ్ళెవరైనా రెండూ ఒకటేనంటారు. నేలమీద కూర్చుండిపోయాను. మన రెండో బెంచీ గుర్తొచ్చింది. ఒకే బెంచీ, ఒకే ఇంకుబుడ్డి, రెండు జడలకీ ఒకే రంగు రిబ్బన్లు. పద్మినీ రాధారాణీ ఒకటే అని మీనాక్షి టీచరుగారు ఎప్పుడూ అనేవారు. ఒకటి కాదని నాకు తెలుసు. నేను ఒకటి కలుపుకుంటూ నడిచే రకం. నీకు ఒక లెక్క చెబితే దానిలోంచి రెండు లెక్కలు పుట్టించేదానివి. మీ నాన్నగారు స్టేషన్‌లో బుకింగ్ కౌంటర్ దగ్గర కూర్చుని, మా అమ్మాయి కాంపోజిట్ తీసుకుంటుంది, ఇంజనీరు అవుతుంది అని టికెట్లు కొనేవాళ్ళందరికీ చెప్పేవారు.

తర్వాత ఏమైందో నీకు నేను చెప్పక్కర్లేదు. నాలుగో ఫారం మొదట్లో నీకు ఆటలమ్మ పోసి మూడు వారాలు బడికి రాలేదు. వచ్చేసరికి నీ పేరు జనరల్ లెక్కల్లో ఉంది. మీ నాన్నగారు బడికి వెళ్ళి వచ్చి, నేనే వేయించాను, ఆడపిల్లకి జనరల్ చాలు అన్నారు. ఆ ఒక్క మాటతో కాలేజీలో లెక్కల గ్రూపు పోయింది, ఇంజనీరింగూ పోయింది. అప్పటినుంచీ నువ్వు ఆయనతో కావలసినంత మాట్లాడావు గానీ మనసు విప్పి మాట్లాడలేదు.

డెబ్భైనాలుగులో మీరు ఈ దేశం వచ్చిన కొత్తలో మా ఇంటికి వచ్చారు, జ్ఞాపకముందా? చిక్కుళ్ళు వలుస్తూ, చచ్చేదాకా నాన్నని క్షమించను పద్దూ అన్నావు. ఆ తర్వాతే నా ఉత్తరాలు ఆగిపోయాయి. పెద్ద ఇల్లు కొనుక్కుని నాకు గర్వం వచ్చిందని నువ్వు నళినితో అన్నావట. గర్వం కాదే. నీకు మొహం చూపించలేకపోయాను.

ఒక్కటే అడుగుతున్నాను. ఇరవై ఏడులోగా ఒకరోజు రేణు లెక్కల పుస్తకం తీసుకెళ్ళి బాబాయిగారి చేతిలో పెట్టు. నువ్వు కూడా పక్కన కూర్చో. నువ్వు చూసినవి రెండు చుక్కలే. ఒకటి, బడిలో నీ పేరు మారింది. రెండు, నేనే మార్పించానని ఆయన అన్నారు. వాటిని కలిపి ఒక గీత గీసుకుని ఇన్నేళ్ళు నమ్మావు. ఆ గీత తప్పు. ఎందుకని నన్ను అడగకు, ఆయన్నీ అడగకు. నీ చిన్నప్పటి పద్దు మీద నమ్మకముంచి ఈ ఒక్కటీ చెయ్యి.

అన్నయ్యగారికి నమస్కారాలు. రేణుకి ముద్దులు. బాబాయిగారి పాదాలకి నా తరఫున నువ్వు దణ్ణం పెట్టు.

ఎప్పటికీ నీ,
రెండో బెంచీ పద్మిని

తా.క. కవరు అంటించి, స్టాంపు కూడా వేసి, మెయిల్‌బాక్స్ దాకా నడిచాను. పోస్ట్‌మాన్ కోసం దాని జెండా ఎత్తబోయి వెనక్కి వచ్చేశాను. కవరు చింపి ఇది రాస్తున్నాను. పైన నేను రాసిందంతా మెలికల ముగ్గే. చుక్క చుట్టూ తిరిగాను గానీ చుక్కని తాకలేదు.

నువ్వు ఆటలమ్మతో పడుకున్నప్పుడు ఒకరోజు, ఎవరు జనరలో ఎవరు కాంపోజిటో రాసుకోవడానికి మీనాక్షి టీచరుగారు రిజిస్టరు పెట్టుకుని ఒక్కొక్కరినే అడుగుతూ వచ్చారు. నీ పేరు దగ్గర ఆగి, రాధారాణి ఏం తీసుకుంటానందో నీకు తెలుసుగా అని నన్నడిగారు. నాకు తెలుసు. ముందురోజే నువ్వు వేపాకుల పక్కమీద నుంచి కిటికీలోంచి నాకు వినిపించేలా కాంపోజిట్ అని చెప్పమని అరిచావు. నేను లేచి నిలబడి జనరల్ అన్నాను. నువ్వు మేడమీదికి వెళ్ళిపోతే ఆ బెంచీ మీద నేనొక్కదాన్నే అయిపోతానని. అంతే రాధా. ఇరవై ఆరేళ్ళు వెతికినా ఇంకో కారణం దొరకలేదు.

మీ నాన్నగారు బడికి వచ్చేసరికి జాబితా వెళ్ళిపోయింది, కాంపోజిట్‌లో చోటు లేదు. టీచరుగారు నా పేరు చెప్పేశారు. ఆయన బయటికి వచ్చి, పంపు దగ్గర ఏడుస్తూ నిలబడ్డ నన్ను చూశారు. తిడతారనుకున్నాను. నా పక్కన చతికిలబడి కూర్చుని, చేతిరుమాలు ఇచ్చి, ఏడవకమ్మా అన్నారు. దానికి తెలిస్తే నిన్ను వదిలేస్తుంది, ఉన్నది ఒక్క స్నేహితురాలివి అన్నారు. కోపం నా మీద పెట్టుకుంటే ఫరవాలేదు, నేను తండ్రిని, ఎక్కడికీ పోను అన్నారు. ఈ మాట ఎప్పటికీ చెప్పనని నా చేత ఒట్టు వేయించుకున్నారు. అటునుంచి అటే ఇంటికి వచ్చి, నేనే వేయించానని నీతో అన్నారు.

ఇవాళ ఆ ఒట్టు తీసి గట్టున పెడుతున్నాను. ఈ కాగితం ఆయన ఎదురుగా కూర్చుని చదువు. కోపం ఆయన మీద నుంచి తీసి నా మీద పెట్టుకో, ఎన్నేళ్ళు కావాలంటే అన్నేళ్ళు ఉంచుకో. నేనూ ఎక్కడికీ పోను. ట్రాయ్‌లోనే ఉంటాను, నంబరు అదే. ఈసారి నువ్వు చెయ్యి, నేను పెట్టెయ్యను.